32 బిట్ ప్రోగ్రామ్, 64 బిట్ కెర్నెల్: స్ట్రక్చర్ లేఅవుట్ ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేయాలి

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకీ పనికొస్తుంది. సెన్సర్ కార్డు కోసం మీరే రాసుకున్న లినక్స్ డ్రైవర్ ఉంది. 64 బిట్ మెషీన్‌లో 64 బిట్ ప్రోగ్రామ్‌తో బాగానే నడుస్తోంది. పాత 32 బిట్ లైబ్రరీ ఒకటి వాడక తప్పదు కాబట్టి అదే ప్రోగ్రామ్‌ని 32 బిట్‌గా కంపైల్ చేశారు. ప్రోగ్రామ్ డ్రైవర్‌కి కమాండ్ పంపే ఐఓసీటీఎల్ కాల్ దగ్గర "ఇనప్రోప్రియేట్ ఐఓసీటీఎల్ ఫర్ డివైస్" అనే ఎర్రర్ వచ్చింది, అంటే ఈనాట్‌టీవై. టీమ్‌లో ఒకరు చెబితే ఆ కాల్‌తో పంపే స్ట్రక్చర్‌కి, ఫీల్డ్‌ల మధ్య ఖాళీలు తీసేసే ప్యాక్డ్ అట్రిబ్యూట్ పెట్టారు. ఎర్రర్ పోలేదు. పైగా అప్పటిదాకా 32 బిట్ ఏఆర్ఎం బోర్డు మీద నడుస్తున్న ప్రోగ్రామ్ బస్ ఎర్రర్‌తో ఆగిపోవడం మొదలుపెట్టింది. ప్యాక్డ్ పెట్టినా సైజులు ఎందుకు కలవడం లేదు, అసలు పద్ధతి ఏమిటి అని అడిగారు.

ముందు ప్యాక్డ్ తీసేయండి. మీ కోడ్‌లో ఉన్నది ఒక తప్పు కాదు, మూడు. లాంగ్, పాయింటర్ల సైజు మారడం ఒకటి. యూ64 (64 బిట్ల అన్‌సైన్డ్ ఇంటీజర్) అలైన్‌మెంట్, అంటే అది ఎన్ని బైట్ల హద్దు మీద కూర్చోవాలన్న నియమం, ఒక్కో ఆర్కిటెక్చర్‌లో ఒక్కోలా ఉండడం రెండోది. డ్రైవర్‌లో కంపాట్ దారి, అంటే 64 బిట్ కెర్నెల్ మీద 32 బిట్ ప్రోగ్రామ్ కాల్స్ అందుకునే ఎంట్రీ, లేకపోవడం మూడోది. ప్యాక్డ్ వీటిలో రెండోదాన్ని మాత్రమే కప్పుతుంది, ఆ మేలుకి బదులు కొత్త జబ్బు తెస్తుంది.

మీరు పెట్టిన స్ట్రక్చర్‌లో ఫీల్డ్‌లు ఈ వరసలో ఉన్నాయి: ఛానల్ యూ32, స్టార్ట్ యూ64, కౌంట్ లాంగ్, బఫ్ వాయిడ్ పాయింటర్, చివర మోడ్ యూ8. ప్యాక్డ్ లేకుండా దీన్ని మూడు చోట్ల కంపైల్ చేస్తే ఒక్కో ఫీల్డ్ ఏ బైట్ దగ్గర కూర్చుంటుందో చూడండి.

| ఫీల్డ్ | ఎక్స్86-64 | ఐ386 | 32 బిట్ ఏఆర్ఎం |
|---|---|---|---|
| ఛానల్ | 0 | 0 | 0 |
| స్టార్ట్ | 8 | 4 | 8 |
| కౌంట్ | 16 | 12 | 16 |
| బఫ్ | 24 | 16 | 20 |
| మోడ్ | 32 | 20 | 24 |
| మొత్తం సైజు | 40 | 24 | 32 |

హెడర్ ఫైల్ ఒక్కటే, లేఅవుట్‌లు మూడు. మూడు చోట్లా కంపైలర్ తన ఏబీఐ (ఆ ఆర్కిటెక్చర్‌లో డేటా ఎలా అమరాలో చెప్పే ఒప్పందం) చెప్పినట్టే చేసింది, దాన్ని తప్పుపట్టలేం.

ఇందులో చాలామందిని తికమకపెట్టేది స్టార్ట్ ఫీల్డ్. యూ64 అంటే ఎక్కడైనా 8 బైట్లే కదా, మరి ఐ386లో 4 దగ్గర, మిగతా రెండింట్లో 8 దగ్గర ఎందుకు? సైజు వేరు, అలైన్‌మెంట్ వేరు. 386 ప్రాసెసర్ 1985లో వచ్చినప్పుడు దాని డేటా బస్ వెడల్పు 32 బిట్లు. 64 బిట్ల విలువని 8 బైట్ల హద్దు మీద పెట్టినా రెండు విడతల్లో చదవాల్సిందే, కాబట్టి ఆ ఏబీఐలో స్ట్రక్చర్ లోపలి 64 బిట్ ఇంటీజర్‌కి 4 బైట్ల అలైన్‌మెంట్ చాలన్నారు. లినక్స్‌లోని 32 బిట్ ఎక్స్86 లైబ్రరీలన్నీ ఆ లెక్క మీద కట్టినవే కాబట్టి ఇప్పుడు దాన్ని మార్చే దారి లేదు. జీసీసీ కంపైలర్‌లో దాన్ని 8 చేసే ఫ్లాగ్ ఒకటుంది, మాలైన్-డబుల్ అని. దాని జోలికి వెళ్లకండి. మీ ప్రోగ్రామ్ లేఅవుట్ మారుతుంది గానీ మీరు లింక్ చేసే పాత లైబ్రరీ లేఅవుట్ మారదు, గొడవ కెర్నెల్ దగ్గర నుంచి లైబ్రరీ దగ్గరికి జరుగుతుంది, అంతే.

మీరు కామెంట్‌లో "అలైన్‌ఆఫ్ ప్రింట్ చేసి చూశాను, 32 బిట్‌లో కూడా 8 అనే వచ్చింది" అని రాశారు. మీరు వాడింది ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు ఉన్న జీసీసీ సొంత రూపం. అది ఆ టైప్‌కి ఏ అలైన్‌మెంట్ మేలో చెప్తుంది. విడిగా ఉన్న వేరియబుల్‌కి ఐ386లోనూ అది 8 అంటుంది. స్ట్రక్చర్ లోపల నిజంగా ఎంత వాడతారో సీ11 వాళ్ల అలైన్‌ఆఫ్ చెప్తుంది, జీసీసీ 8 నుంచి అది ఐ386లో 4 అనే ఇస్తుంది. నన్నడిగితే ఈ రెండూ వద్దు, ఆఫ్‌సెట్‌ఆఫ్ వాడండి. మనకి కావాల్సింది ఫీల్డ్ ఎక్కడుందన్నదే.

ఇక ఎర్రర్ సంగతి. ఐఓసీటీఎల్ కమాండ్ నంబర్ ఉత్త వరస సంఖ్య కాదు. కమాండ్‌ని తయారుచేసే మాక్రోకి మీరు స్ట్రక్చర్ టైప్ ఇస్తారు కదా, అది దాని సైజాఫ్ తీసుకుని నంబర్ లోపలే పెట్టేస్తుంది. ఎక్స్86, ఏఆర్ఎంలలో 32 బిట్లలో కింది 8 బిట్లు వరస నంబర్, తర్వాతి 8 టైప్ అక్షరం, ఆ తర్వాత 14 సైజు, పై 2 దిశ. పవర్‌పీసీ, మిప్స్ లాంటి చోట్ల సైజుకి 13, దిశకి 3 ఉంటాయి. మీ డ్రైవర్ టైప్ అక్షరం చిన్న క్యూ, అంటే హెక్స్‌లో 71. దిశ రైట్ (రాయడం, అంటే ప్రోగ్రామ్ నుంచి కెర్నెల్‌కి), వరస నంబర్ 1. 64 బిట్ కెర్నెల్ దగ్గర సైజు 40, హెక్స్‌లో 28. అంచేత కమాండ్ హెక్స్‌లో 40287101 అయింది. 32 బిట్ ప్రోగ్రామ్‌లో సైజు 24, హెక్స్‌లో 18, కాబట్టి అది పంపేది 40187101. కాల్ డ్రైవర్ దాకా వచ్చినా దాని స్విచ్‌లో ఆ నంబరుకి కేస్ లేదు.

దీన్ని కంటితో చూడాలంటే ప్రోగ్రామ్‌ని, సిస్టమ్ కాల్స్‌ని చూపించే స్ట్రేస్ అనే టూల్ కింద నడపండి. తెలియని ఐఓసీటీఎల్‌ని అది విడగొట్టి చూపిస్తుంది: దిశ రైట్, టైప్ 71, నంబర్ 1, సైజు 18. 64 బిట్ ప్రోగ్రామ్‌ని నడిపితే చివరి అంకె 28. ఈనాట్‌టీవై కనబడగానే డివైస్ ఫైల్ పర్మిషన్లూ మాడ్యూల్ లోడింగూ వెతుక్కుంటూ కూర్చోకుండా ముందు ఈ చివరి అంకెని చూడండి.

నిజానికి ఈ ఎర్రర్ మీకు మేలే చేసింది. సైజులు తేడాగా ఉన్నప్పుడు కాల్ గుమ్మంలోనే ఆగుతుంది. సైజులు కలిసి లేఅవుట్ కలవని సందర్భం దీనికన్నా ఎంతో ప్రమాదం, అక్కడికి వస్తాను.

ప్యాక్డ్ పెడితే ఏమైందో లెక్కేద్దాం. ఎక్స్86-64లో 4, 8, 8, 8, 1 కలిపి 29 బైట్లు. ఐ386లో, 32 బిట్ ఏఆర్ఎంలో 4, 8, 4, 4, 1 కలిపి 21. ప్యాడింగ్ (కంపైలర్ వదిలే ఖాళీ బైట్లు) అంతా పోయినా లాంగ్, పాయింటర్ 32 బిట్‌లో 4 బైట్లు, 64 బిట్‌లో 8 బైట్లు కాబట్టి సైజులు ఎప్పటికీ కలవవు. ప్యాక్డ్ ఫీల్డ్‌ల మధ్య ఖాళీలు తీసేస్తుంది, ఫీల్డ్‌ల సైజుని ముట్టుకోదు.

ఏఆర్ఎం బోర్డు మీద బస్ ఎర్రర్ ఎందుకంటే, ప్యాక్డ్ స్ట్రక్చర్‌కి తన అలైన్‌మెంట్ కూడా 1 అయిపోతుంది. మీ ప్రోగ్రామ్‌లో ఈ రిక్వెస్టులు అరేగా ఉన్నాయి, ఒక్కోటి 21 బైట్లు. రెండో ఎలిమెంట్‌లో స్టార్ట్ ఫీల్డ్ 25వ బైట్ దగ్గర పడుతుంది. ఆ ఫీల్డ్ అడ్రస్ తీసి, 64 బిట్ విలువని అటామిక్‌గా, అంటే మధ్యలో ఎవరూ అడ్డురాకుండా ఒకే దెబ్బలో, మార్చే ఫంక్షన్‌కి ఇస్తున్నారు. స్ట్రక్చర్ పేరుతో ఫీల్డ్‌ని తాకినంతసేపూ అది ప్యాక్డ్ అని కంపైలర్‌కి తెలుసు, జాగ్రత్తగా చదువుతుంది. మామూలు యూ64 పాయింటర్‌గా బయటికి ఇచ్చాక ఆ సమాచారం పోయింది. అవతలి ఫంక్షన్ 8 బైట్ల హద్దు మీద ఉందని నమ్మి 64 బిట్ ఎక్స్‌క్లూజివ్ లోడ్ ఇన్‌స్ట్రక్షన్ వాడుతుంది. ఆ ఇన్‌స్ట్రక్షన్‌కి అలైన్‌మెంట్ తప్పితే ప్రాసెసర్ ఫాల్ట్ ఇస్తుంది, కెర్నెల్ కూడా దాన్ని సర్దలేదు. మామూలు లోడ్లు కొన్నింటిని కెర్నెల్ చాటుగా సర్దిపెడుతుంది, ఆ లెక్కలు ప్రాక్ కింద సీపీయూ డైరెక్టరీలో అలైన్‌మెంట్ అనే ఫైల్‌లో ఉంటాయి, చూడండి. ఎక్స్86 ఇవన్నీ మౌనంగా భరిస్తుంది కాబట్టి డెస్క్‌టాప్ మీద టెస్ట్ చేసినంతకాలం తెలియదు. జీసీసీ 9 నుంచి ప్యాక్డ్ మెంబర్ అడ్రస్ తీస్తున్నారని వార్నింగ్ వస్తుంది, మీ బిల్డ్ లాగ్‌లో అది ఉండే ఉంటుంది, వెతకండి.

ప్యాక్డ్‌కి చోటే లేదని కాదు. నెట్‌వర్క్ ప్యాకెట్ హెడర్లు, డిస్క్ మీది ఫార్మాట్లు, హార్డ్‌వేర్ చదివే డిస్క్రిప్టర్లు లాంటి వాటిలో లేఅవుట్‌ని అవతలివాళ్లు ముందే తేల్చేశారు, మనం దానికి ఒదగాలి. కెర్నెల్‌కీ యూజర్ ప్రోగ్రామ్‌కీ మధ్య ఉండే స్ట్రక్చర్‌ని రాసేది మీరే. ఖాళీలు రాకుండా రాసుకునే అవకాశం చేతిలో ఉండగా ప్యాక్డ్ అవసరం పడదు.

సరైన స్ట్రక్చర్ ఇలా ఉండాలి:

| ఫీల్డ్ | టైప్ | ఆఫ్‌సెట్ |
|---|---|---|
| స్టార్ట్ | అలైన్డ్ యూ64 | 0 |
| బఫ్ | అలైన్డ్ యూ64 | 8 |
| కౌంట్ | యూ32 | 16 |
| ఛానల్ | యూ32 | 20 |
| మోడ్ | యూ32 | 24 |
| రిజర్వ్డ్ | యూ32 | 28 |
| మొత్తం | | 32 |

పెద్ద ఫీల్డ్‌లు ముందు, చిన్నవి తర్వాత. ప్రతి ఫీల్డూ తన సైజుకి సరిపోయే హద్దు మీద సహజంగానే పడింది. చివర మిగిలే 4 బైట్లని కంపైలర్‌కి వదలకుండా రిజర్వ్డ్ అని మనమే పేరు పెట్టాం. మొత్తం 8 చేత భాగించబడుతుంది, కాబట్టి అరేలో పెట్టినా తేడా రాదు. లాంగ్ లేదు, పాయింటర్ లేదు, సైజ్_టీ లేదు. ఈనమ్, బూల్, బిట్‌ఫీల్డ్‌లు కూడా ఈ హెడర్లోకి రానివ్వకండి. ఉత్త ఛార్ కూడా వద్దు. ఎక్స్86లో అది సైన్డ్, ఏఆర్ఎంలో అన్‌సైన్డ్. కెర్నెల్ 6.2 నుంచి కెర్నెల్ కోడ్ అంతటా అన్‌సైన్డ్‌గానే కంపైల్ అవుతోంది, అంటే ఎక్స్86 ప్రోగ్రామ్ −1 అనుకుని పంపింది కెర్నెల్‌కి 255గా కనబడుతుంది. ఎస్8 కావాలంటే ఎస్8 అని, యూ8 కావాలంటే యూ8 అని రాయండి.

అలైన్డ్ యూ64 అన్నది కెర్నెల్ టైప్స్ హెడర్లో ఉన్న టైపే, యూ64కి 8 బైట్ల అలైన్‌మెంట్ తగిలించినది. పై వరసలో ఉత్త యూ64 రాసినా ఆఫ్‌సెట్లు ఇవే వస్తాయి. కానీ ఐ386లో స్ట్రక్చర్ అలైన్‌మెంట్ 4గానే ఉండిపోతుంది. రేపు ఎవరైనా దీన్ని ఒక యూ32 తర్వాత ఇంకో స్ట్రక్చర్లో పొదిగితే పాత కథ మళ్లీ మొదలవుతుంది. అలైన్డ్ టైప్ ఉంటే ఆ భయం లేదు.

ఇప్పుడు ఇందాక చెప్పిన ప్రమాదం. కొత్త స్ట్రక్చర్ సైజు 32. పైన మొదటి పట్టికలో 32 బిట్ ఏఆర్ఎం కింద చూడండి, పాత స్ట్రక్చర్ సైజు కూడా 32. వరస నంబర్ 1నే ఉంచితే కొత్త కమాండ్ 40207101, బోర్డు మీద ఉన్న పాత ప్రోగ్రామ్ పంపేదీ అదే 40207101. కెర్నెల్‌కి తేడా తెలియదు, లోపలికి రానిస్తుంది. పాత లేఅవుట్లో 8వ బైట్ దగ్గర స్టార్ట్ టైమ్ ఉంది, కొత్త డ్రైవర్ అదే చోట బఫర్ అడ్రస్ ఉందనుకుంటుంది. టైమ్‌స్టాంప్‌ని అడ్రస్ అనుకుని అక్కడ శాంపిల్స్ రాయబోతుంది. ఆ చోట మెమరీ లేకపోతే ఈఫాల్ట్ (చెల్లని అడ్రస్ అనే ఎర్రర్) వచ్చి ఆగుతుంది. ఉంటే ప్రోగ్రామ్ సొంత డేటా మీద శాంపిల్స్ పడతాయి, ఎక్కడో గంట తర్వాత ఇంకెక్కడో క్రాష్ అవుతుంది. 16 దగ్గర కౌంట్, 24 దగ్గర మోడ్ రెండు లేఅవుట్లలోనూ ఒకటే కావడం వల్ల ఆ రెండూ సరిగ్గానే కనబడతాయి, డీబగ్ చేసేవాళ్లు స్ట్రక్చర్ని అనుమానించరు కూడా. కాబట్టి లేఅవుట్ మార్చినప్పుడల్లా వరస నంబర్ మార్చండి. కొత్తదానికి 2 ఇవ్వండి, కమాండ్ 40207102 అవుతుంది.

పాత నంబర్ 1ని తీసేయొద్దు. 64 బిట్ కెర్నెల్ మీద పాత 64 బిట్ ప్రోగ్రామ్, 32 బిట్ కెర్నెల్ మీద పాత 32 బిట్ ప్రోగ్రామ్ ఇన్నాళ్లూ పనిచేశాయి. పాత స్ట్రక్చర్ని ప్యాక్డ్ లేకుండా పాత పేరుతోనే ఉంచి, ఆ కేస్‌లో ఫీల్డ్‌లని కొత్త స్ట్రక్చర్లోకి నింపి, అసలు పనిచేసే ఫంక్షన్‌ని పిలవండి. 64 బిట్ కెర్నెల్ మీద పాత 32 బిట్ ప్రోగ్రామ్ ఎప్పుడూ నడవలేదు కాబట్టి దానికోసం శ్రమపడనక్కర్లేదు. అలాంటి ప్రోగ్రామ్ పంపే 40187101కి ఇకమీదా ఈనాట్‌టీవై వస్తుంది, అదే సరైన జవాబు. ఒకవేళ ఎవరికైనా ఆ పాత 32 బిట్ బైనరీలనీ నడిపించక తప్పకపోతే కంపాట్_యూ64, కంపాట్_లాంగ్_టీ, కంపాట్_యూపీటీఆర్_టీ టైప్‌లతో ఇంకో స్ట్రక్చర్ రాసుకోవాలి. కంపాట్_యూ64 అలైన్‌మెంట్ ఎక్స్86 కెర్నెల్‌లో 4, ఏఆర్ఎం64 కెర్నెల్‌లో 8. మీరు ప్యాక్డ్ పెట్టి చేత్తో లెక్కేస్తే ఒకచోట కలిసి ఇంకోచోట తప్పుతుంది, ఈ టైప్‌లు అయితే ఆ లెక్క అవే చూసుకుంటాయి.

మూడో తప్పు డ్రైవర్‌లో ఉంది. మీ ఫైల్ ఆపరేషన్స్‌లో (కెర్నెల్ ఏ కాల్‌కి ఏ ఫంక్షన్‌ని పిలవాలో చెప్పే స్ట్రక్చర్) అన్‌లాక్డ్_ఐఓసీటీఎల్ ఒక్కటే నింపారు. 64 బిట్ కెర్నెల్ మీద 32 బిట్ ప్రోగ్రామ్ కాల్ చేస్తే కెర్నెల్ వెతికేది కంపాట్_ఐఓసీటీఎల్‌ని. ఈ రెండు ఎంట్రీలూ 2005లో, 2.6.11 కెర్నెల్‌తో వచ్చాయి. కంపాట్ ఎంట్రీ ఖాళీగా ఉంటే మీ స్ట్రక్చర్ ఎంత చక్కగా ఉన్నా కాల్ మీ డ్రైవర్ దాకా రాదు, అదే ఈనాట్‌టీవై వస్తుంది. స్ట్రక్చర్ సరిచేసి, ఎర్రర్ మారలేదని చూసి, సరైన మార్పుని వెనక్కి తీసేసినవాళ్లని ఎంతోమందిని చూశాను. కొత్త స్ట్రక్చర్ రెండు చోట్లా ఒకటే కాబట్టి వేరే ఫంక్షన్ రాయనక్కర్లేదు. 5.5 కెర్నెల్ నుంచి కంపాట్_పీటీఆర్_ఐఓసీటీఎల్ అని సిద్ధంగా ఒకటుంది, దాన్ని ఆ ఎంట్రీలో పెడితే చాలు. ఆర్గ్యుమెంట్‌గా వచ్చిన 32 బిట్ పాయింటర్‌ని సరిచేసి మీ మామూలు ఫంక్షన్‌నే పిలుస్తుంది.

యూజర్ వైపు బఫ్ ఫీల్డ్‌ని నింపేటప్పుడు ఒక మెలిక ఉంది. పాయింటర్‌ని నేరుగా యూ64కి క్యాస్ట్ చేయకండి. 32 బిట్ కంపైల్‌లో జీసీసీ చిన్న పాయింటర్‌ని పెద్ద ఇంటీజర్‌గా మార్చేటప్పుడు సైన్ ఎక్స్‌టెండ్ చేస్తుంది. అడ్రస్ 2 జీబీ లోపల ఉంటే ఏమీ కాదు. పైన ఉంటే పై 32 బిట్లూ ఒకట్లతో నిండిపోతాయి, కెర్నెల్ ఈఫాల్ట్ ఇస్తుంది. 64 బిట్ కెర్నెల్ మీద నడిచే 32 బిట్ ప్రోగ్రామ్‌కి స్టాక్ ఉండేది 4 జీబీ అంచు దగ్గర. అంచేత చిన్న మాలాక్ బఫర్ ఇస్తే పనిచేస్తుంది, లోకల్ అరే ఇస్తే ఫెయిలవుతుంది. ఈ లక్షణం కనబడితే క్యాస్ట్ దగ్గరే వెతకండి. ముందు యూఇంట్‌పీటీఆర్_టీకి, ఆ తర్వాత యూ64కి క్యాస్ట్ చేస్తే తేలిపోతుంది. కెర్నెల్ వైపు దీనికి జోడీ యూ64_టు_యూజర్_పీటీఆర్.

రిజర్వ్డ్ ఫీల్డ్‌ని మొదటి రోజు నుంచే తనిఖీ చేయండి. సున్నా కాకపోతే ఈఇన్వాల్ (చెల్లని ఆర్గ్యుమెంట్ అనే ఎర్రర్) ఇచ్చి తిప్పి పంపండి. ఇప్పుడు పట్టించుకోకపోతే యూజర్ ప్రోగ్రామ్‌లు ఇనీషియలైజ్ చేయకుండా చెత్తతోనే పంపుతాయి, నడుస్తాయి. రెండేళ్ల తర్వాత ఆ ఫీల్డ్‌కి మీరు ఏ అర్థమిచ్చినా ఆ ప్రోగ్రామ్‌లన్నీ విరుగుతాయి, అంటే ఆ ఫీల్డ్ మీకిక దక్కనట్టే. ముందుముందు ఫీల్డ్‌లు బాగా పెరుగుతాయనుకుంటే సైజుని స్ట్రక్చర్‌తో పాటే తీసుకునే పద్ధతి ఉంది. 5.4 నుంచి కాపీ_స్ట్రక్ట్_ఫ్రమ్_యూజర్ అనే ఫంక్షన్ ఆ పని చేసిపెడుతుంది. యూజర్ స్ట్రక్చర్ చిన్నదైతే మిగతాది సున్నాలతో నింపుతుంది. పెద్దదైతే, అదనంగా ఉన్న బైట్లు సున్నాలైతేనే ఒప్పుకుంటుంది, కాకపోతే ఈ2బిగ్ అనే ఎర్రర్ ఇస్తుంది. మీ ఒక్క స్ట్రక్చర్‌కి అంత అవసరం లేదనుకుంటాను.

కెర్నెల్ నుంచి యూజర్‌కి వెనక్కి ఇచ్చే స్ట్రక్చర్లలో ప్యాడింగ్ ఇంకో రకంగా కాటేస్తుంది. స్టాక్ మీద స్ట్రక్చర్ పెట్టి, ఫీల్డ్‌లన్నీ నింపి, కాపీ_టు_యూజర్ చేశారనుకోండి. పేరు లేని ఖాళీల్లో అంతకుముందు ఆ స్టాక్ మీద ఉన్న కెర్నెల్ డేటా అలాగే బయటికి పోతుంది. ఆ 4 బైట్లలో కెర్నెల్ అడ్రస్‌లో సగం ఉంటే, దాడి చేసేవాడికి అదే చాలు. డిక్లరేషన్ దగ్గర సున్నా ఇనీషియలైజర్ పెట్టినా ఖాళీలు శుభ్రమవుతాయన్న హామీ సీ భాషలో లేదు. ఖాళీలే లేని స్ట్రక్చర్‌తో ఈ గొడవ పుట్టనే పుట్టదు. ఉన్న పాత స్ట్రక్చర్లకి ముందు మెమ్‌సెట్‌తో మొత్తం సున్నా చేయండి. ఈ పనిని దయచేసి వాయిదా వేయొద్దు. లేఅవుట్ తప్పితే ప్రోగ్రామ్ ఆగి మీకు కబురు చెప్తుంది, ఈ లీక్ ఎవరికీ ఏమీ చెప్పదు.

ఇదంతా ఎప్పటికీ ఇలాగే నిలవాలంటే హెడర్లోనే కాపలా పెట్టాలి. స్ట్రక్చర్ కిందనే స్టాటిక్ అసర్ట్‌లు (తప్పితే కంపైల్‌నే ఆపేసే తనిఖీలు) రాయండి: సైజాఫ్ 32, బఫ్ ఆఫ్‌సెట్ 8, ఛానల్ ఆఫ్‌సెట్ 20. ఒక్క సైజ్ అసర్ట్ చాలదు, 32కి 32 ఎలా కలిసి మోసం చేసిందో పైన చూశాం. డ్రైవరూ ప్రోగ్రామూ ఒకే హెడర్ ఫైల్‌ని వాడాలి. చేత్తో కాపీ చేసి రెండు చోట్ల ఉంచుకుంటే ఏదో ఒకరోజు ఒకటి మారి ఇంకోటి మారదు.

తర్వాత పాహోల్, స్ట్రక్చర్ల లేఅవుట్‌నీ ఖాళీలనీ చూపించే టూల్. డ్వార్వ్స్ అనే ప్యాకేజీలో వస్తుంది. హెడర్ని ఇన్‌క్లూడ్ చేసి ప్రతి స్ట్రక్చర్ నుంచీ ఒక వేరియబుల్ డిక్లేర్ చేసే చిన్న సీ ఫైల్ రాసి, డీబగ్ సమాచారంతో ఒకసారి 64 బిట్‌గా, ఒకసారి 32 బిట్‌గా కంపైల్ చేయండి. రెండు ఆబ్జెక్ట్ ఫైళ్ల మీదా పాహోల్ నడిపి, ఫలితాలని డిఫ్ చేయండి. ఆఫ్‌సెట్, సైజు అంకెల్లో ఒక్క తేడా కూడా రాకూడదు. మీ పాత స్ట్రక్చర్ మీద నడిపితే 64 బిట్‌లో ఛానల్ కింద 4 బైట్ల హోల్ ఉంది, ప్యాక్ చేయడానికి ప్రయత్నించండి అని కామెంట్ చూపిస్తుంది. అక్కడ ప్యాక్ అంటే ఫీల్డ్‌ల వరస మార్చి ఖాళీ పూడ్చమని. అట్రిబ్యూట్ పెట్టమని కాదు. మీ టీమ్‌మేట్ సలహా అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. పాహోల్ దొరక్కపోతే జీడీబీ 8.1 నుంచి పీటైప్ కమాండ్‌కి స్లాష్ ఓ పెడితే ఆఫ్‌సెట్లు చూపిస్తుంది. ఈ డిఫ్‌ని మీ బిల్డ్‌లో ఒక టెస్ట్‌గా పెట్టేయండి.

కెర్నెల్ రాసేవాళ్లకీ ఈ తలనొప్పి తప్పలేదని తెలియడానికి మూడు ఉదాహరణలు చెప్తాను.

గ్రాఫిక్స్ సబ్‌సిస్టమ్ డీఆర్‌ఎంలో ఫ్రేమ్‌బఫర్ చేర్చే యాడ్‌ఎఫ్‌బీ2 కమాండ్ ఉంది. దాని స్ట్రక్చర్లో మొదట 17 యూ32లు, అంటే 68 బైట్లు. తర్వాత 4 యూ64 మోడిఫయర్‌లు చేర్చారు. 68ని 8 భాగించదు, 4 భాగిస్తుంది. ఐ386లో మోడిఫయర్‌లు 68 దగ్గర, ఎక్స్86-64లో 72 దగ్గర మొదలవుతాయి. మొత్తం 100, 104. పైగా డీఆర్‌ఎం కమాండ్‌ని వరస నంబర్‌తోనే గుర్తుపడుతుంది, సైజు తక్కువైతే మిగతాది సున్నాలతో నింపుకుంటుంది. స్ట్రక్చర్ చివర కొత్త ఫీల్డ్‌లు చేర్చుకోవడానికి పెట్టుకున్న మంచి ఏర్పాటు అది. కానీ అలైన్‌మెంట్ తేడా వస్తే ఈనాట్‌టీవై రాదు, మోడిఫయర్‌లు 4 బైట్లు పక్కకి జరిగి చదవబడతాయి. అందుకే ఎక్స్86 కోసం దీనికి ప్రత్యేకంగా ఒక కంపాట్ ఫంక్షన్ పెట్టాల్సి వచ్చింది. 17 యూ32ల తర్వాత ఒక్క ప్యాడ్ ఫీల్డ్ పెట్టి ఉంటే అది అక్కర్లేకపోయేది.

రెండోది, ఎన్నో ఫైళ్లని ఒకేసారి గమనించే ఈపోల్ కాల్స్ వాడే ఈపోల్_ఈవెంట్. అందులో ఒక యూ32, ఒక యూ64. ఎక్స్86-64లో మాత్రం దీన్ని ప్యాక్డ్ చేశారు, ఐ386లో ఎలాగూ 12 బైట్లే కాబట్టి ఆ రెండూ కలవాలని. మిగతా ఆర్కిటెక్చర్లలో చాలావాటిలో 16. కంపాట్ కోడ్ తప్పించుకున్నారు గానీ, ఆ స్ట్రక్చర్ని వేరే భాషల్లో తిరిగి రాసే ప్రతివాళ్లూ ఆర్కిటెక్చర్ని బట్టి రెండు రకాలుగా రాయాల్సి వస్తోంది. ప్యాక్డ్ ఒకసారి బయటికి వెళ్తే దాన్ని ఇక ఎవరూ తీయలేరు.

మూడోది కీబోర్డ్, మౌస్ ఈవెంట్ల ఇన్‌పుట్_ఈవెంట్. దానికి ఐఓసీటీఎల్ కాదు, రీడ్ కాల్. కమాండ్ నంబర్లో సైజు దాచే రక్షణ ఇక్కడ లేదు. లోపల టైమ్ రెండు లాంగ్‌లుగా ఉండడంతో 64 బిట్‌లో ఈవెంట్ 24 బైట్లు, 32 బిట్‌లో 16. కెర్నెల్ ప్రతి రీడ్‌లోనూ కాల్ 32 బిట్ ప్రోగ్రామ్ నుంచి వచ్చిందా అని చూసి దానికి తగ్గ సైజు ఇస్తుంది. మీ డ్రైవర్‌లో రీడ్ ద్వారా గానీ ఎంమ్యాప్ చేసిన (కెర్నెల్, ప్రోగ్రామ్ రెండూ నేరుగా చూసే మెమరీలోని) రింగ్ బఫర్ ద్వారా గానీ స్ట్రక్చర్లు వెళ్తుంటే అక్కడ జాగ్రత్త ఇంకా పెరగాలి. ఎంమ్యాప్‌లో ఎవరు చదువుతున్నారో కెర్నెల్‌కి తెలిసే వీలే లేదు. రింగ్ మొదట్లో వెర్షన్ నంబర్, ఎంట్రీ సైజు పెట్టి, చదివేవాళ్లు ఆ సైజుతోనే ముందుకు జరిగేలా రాయండి.

మీ టెస్ట్ స్క్రిప్టులు పైతాన్‌లో ఉన్నాయన్నారు, అక్కడా ఇదే లెక్క. స్ట్రక్ట్ మాడ్యూల్‌లో ముందు గుర్తు ఏమీ పెట్టకపోతే ఆ మెషీన్ అలైన్‌మెంట్ వాడుతుంది. యూ32, ఆ వెంటనే యూ64 ఫార్మాట్ ఇస్తే ఎక్స్86-64లో 16 బైట్లు వస్తాయి. ముందు ఈక్వల్స్ గుర్తు పెడితే ప్యాడింగ్ ఉండదు, 12 వస్తాయి. ఇంకో సంగతి, గుర్తు లేనప్పుడు మధ్యలో ప్యాడింగ్ పెడుతుంది గానీ చివర పెట్టదు. యూ64, తర్వాత యూ32 అయితే సీలో 16, పైతాన్‌లో 12. కొత్త స్ట్రక్చర్లో ఖాళీలే లేవు కాబట్టి ఈక్వల్స్ గుర్తు పెట్టి రెండు యూ64లు, నాలుగు యూ32లు వరసగా రాస్తే ప్రతి మెషీన్‌లోనూ 32 వస్తుంది. కమాండ్ నంబర్ని స్క్రిప్టులో అంకెగా రాసి ఉంటే 40207102కి మార్చడం మర్చిపోకండి.

మార్పులు ఈ వరసలో చేయండి. ముందు ప్యాక్డ్ తీసి, పాత నంబర్ 1 పాత బైనరీలతో మామూలుగా నడుస్తోందని చూసుకోండి. తర్వాత నంబర్ 2, కంపాట్ ఎంట్రీ, అసర్ట్‌లు ఒకే ప్యాచ్‌లో వేయండి. ఆ తర్వాతే యూజర్ ప్రోగ్రామ్ మార్చండి. కొత్త ప్రోగ్రామ్ ముందు 2తో ప్రయత్నించి, ఈనాట్‌టీవై వస్తే పాత డ్రైవర్ అని గుర్తించి, 64 బిట్ బిల్డ్‌లోనూ, 32 బిట్ కెర్నెల్ ఉన్న బోర్డు మీదా 1కి వెనక్కి వెళ్లొచ్చు. 64 బిట్ కెర్నెల్ మీద 32 బిట్ బిల్డ్ అయితే డ్రైవర్ అప్‌డేట్ చేయమని సూటిగా మెసేజ్ ఇవ్వండి. ఇవన్నీ అయ్యాక కూడా ఎర్రర్ వస్తే స్ట్రేస్‌లో ఆ ఐఓసీటీఎల్ లైను, రెండు బిల్డ్‌ల పాహోల్ అవుట్‌పుట్, మీ ఫైల్ ఆపరేషన్స్ స్ట్రక్చర్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.